చెడ్డ కబురు ముందు నీకే చేరాలి

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

కృష్ణపట్నం దగ్గర గోడౌన్ల పనికి నిన్ను ప్రాజెక్ట్ మేనేజర్‌ని చేశారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సంతోషంతో ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ముప్పై నాలుగేళ్ళు కాలువగట్ల మీద తిరిగినవాణ్ణి, నీకు ముఖ్యంగా ఒక సంగతి చెప్పాలి.

బుచ్చిరెడ్డిపాలెం వైపు ఒక కాలువ మీద కల్వర్టు కడుతున్నాం. వరికోతలయ్యాక, ఎడగారుకు, అంటే రెండో పంటకు, నీళ్ళు వదిలేలోపు ఉండే కొద్ది రోజుల్లోనే ముగించాల్సిన పని. స్లాబ్‌కి కమ్మీలు కట్టేవాళ్ళు నలుగురు పెళ్ళికని ఊరెళ్ళి తిరిగి రాలేదు. మేస్త్రీకి సోమవారమే తెలుసు, నాకు గురువారం తెలిసింది. ఎందుకు చెప్పలేదయ్యా అంటే, తలగుడ్డ చేతుల్లో మెలితిప్పుతూ, "మొన్న సిమెంటు లేటయిందని చెప్తే అందరి ముందరా కసిరారు గదా సార్, ఎట్టోగట్ట సర్దుకుందామనుకున్నా" అన్నాడు. సోమవారమే తెలిసుంటే కోవూరు నుంచి మనుషుల్ని తెచ్చుకునేవాణ్ణి. ఈలోగా నీళ్ళొచ్చేశాయి. స్లాబ్ వేయకుండానే సెంట్రింగ్ విప్పేశాం. మళ్ళీ కాలువకు నీళ్ళు ఆపేదాకా ఆ ఊరి పిల్లలు తాటిమొద్దు మీద నడిచి బడికెళ్ళారు. తప్పు నాదే. ఆ మొద్దు ఇప్పటికీ నా కళ్ళ ముందుంటుంది.

అందుకని చెడ్డ కబురు తెచ్చినవాణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వు. ఎవరి తప్పో తర్వాత తేల్చుకోవచ్చు, ముందు ఏం చేస్తే పని దక్కుతుందో అడుగు. "ఎంతవరకొచ్చింది?" అని మాత్రం అడగొద్దు. "తొంభై శాతం అయిపోయింది మేడమ్" అంటారు, నెల తిరిగినా ఆ తొంభై తొంభైగానే ఉంటుంది. ఏమేం మిగిలాయి, ఎన్ని రోజులు పడుతుంది, ఎవరి దగ్గర ఆగింది అని అడుగు. వాళ్ళ ఎదుటే నోట్‌బుక్‌లో రాసుకో.

ఇక వాన సంగతి. హైదరాబాద్‌లో కూర్చుని గీసిన షెడ్యూల్‌లో జూన్, జూలైలకు వాన రోజులు వదిలిపెడతారు, నవంబరులో పునాదులు పెడతారు. మన నెల్లూరు వైపు వాన ఈశాన్యం నుంచి గదమ్మా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది. నీ పునాదులు సెప్టెంబరు నెలాఖరుకల్లా నేలమట్టం దాటాలి. ఇందుకోసం పైవాళ్ళతో పోట్లాడాల్సొస్తే పోట్లాడు.

క్రిటికల్ పాత్ అని నువ్వు చదువుకునే ఉంటావు, ఏ పని ఒక్కరోజు ఆలస్యమైతే చివరి తేదీ కూడా ఒక్కరోజు వెనక్కి పోతుందో ఆ వరుస. నీ గోడౌన్‌కి ఆ వరుస పునాదులు, స్తంభాల్ని పునాదికి బిగించే యాంకర్ బోల్టులు, ఇనప స్తంభాలు, పైకప్పు. గేటు రంగు వారం ఆగినా ఏం కాదు. బోల్టులు మాత్రం ఒక్క సెంటీమీటరు పక్కకు పోయినా స్తంభం కూర్చోదు. కాంక్రీట్ పోసే ముందు ఆ కొలత నువ్వే దగ్గరుండి చూసుకో.

క్లయింటు నోటిమాటగా చెప్పిన మార్పుకు ఇటుక కూడా కదపొద్దు. "మీరు చెప్పింది ఇది, ఇన్ని రోజులు, ఇంత ఖర్చు, సరేనంటే మొదలుపెడతాం" అని ఆ సాయంత్రమే మెయిల్ పెట్టు.

ప్రాజెక్ట్ మేనేజర్లకిచ్చే పీఎంపీ సర్టిఫికెట్ పరీక్ష గురించి అడిగావట. డిగ్రీ ఉన్నవాళ్ళకు మూడేళ్ళు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ కావాలంటారు. తప్పకుండా రాయి. ముందు రెండు వానాకాలాలు సైట్ మీద గడుపు, ఆ పరీక్ష పుస్తకాల్లో మాటలు నీకు తేలిగ్గా ఎక్కుతాయి.

ఆదివారం కావలి వచ్చేటప్పుడు షెడ్యూల్ పెద్ద కాగితం మీద ప్రింటు తీసుకురా, పునాదుల వరుస ఇద్దరం కలిసి చూద్దాం. నీ మేస్త్రీల పేర్లు, ఎవరిది ఏ ఊరో కూడా రాసుకుని రా.

ప్రేమతో,
పెదనాన్న