మీరడిగారు: వ్యాసాలు లెక్కపెడితే బ్యాలెన్స్ తెలుస్తుందా?

ప్రశ్న: నమస్తే సార్. నేను ఒక విదేశీ పేపర్‌కి ఆన్‌లైన్‌లో చందా కట్టి చదువుతున్నా. ఇజ్రాయెల్, పాలస్తీనా గొడవ మీద దాన్లో వచ్చే ఒపీనియన్ వ్యాసాల్ని ఇటు ఎన్ని, అటు ఎన్ని అని మూడు నెలలు నోట్‌బుక్‌లో రాసుకున్నా. దాదాపు సమానంగానే వచ్చాయి. మా ఫ్రెండ్‌కి చూపిస్తే నవ్వేసి, ఆ పేపర్ ఎప్పుడో అమ్ముడుపోయిందిరా అన్నాడు. మీరేమంటారు?
– ఒక డిగ్రీ స్టూడెంట్

జవాబు: ముందు మీ ఓపికకి ఓ దండం. నోట్‌బుక్ దగ్గర పెట్టుకుని పేపర్ చదివేవాళ్లు ఇప్పుడు పేపర్ ఆఫీసుల్లో కూడా లేరు. మీ ఫ్రెండ్ మాట వదిలేయండి, అమ్ముడుపోయింది అనేది మనకి నచ్చని ప్రతి పేపర్‌నీ అనే మాటే. కానీ మీ నోట్‌బుక్‌లో ఒక గడి తక్కువైంది. వ్యాసం ఎవరి వైపు ఉందో రాసుకున్నారు సరే, రాసింది ఎవరో రాసుకున్నారా?

ఎందుకు అడుగుతున్నానంటే, అరిజోనా యూనివర్సిటీలో మహా నాసర్ అనే ప్రొఫెసర్ ఉన్నారు, ఆవిడ 2020లో ఇలాంటి లెక్కే ఒకటి బయటపెట్టారు, కాకపోతే మీలా మూడు నెలలది కాదు, 1970 నుంచి యాభై ఏళ్లది (న్యూయార్క్ టైమ్స్ బయటివాళ్ల వ్యాసాలకి ఎడిటోరియల్ ఎదురుగా ఒక పేజీ కేటాయించింది కూడా 1970లోనే). న్యూయార్క్ టైమ్స్‌లో పాలస్తీనా వాళ్ల గురించి మాట్లాడిన ఒపీనియన్ వ్యాసాలు దాదాపు 2,500 ఉంటే, పాలస్తీనా వాళ్లు స్వయంగా రాసినవి వాటిలో 2 శాతం కూడా లేవు. వాషింగ్టన్ పోస్ట్‌లో అయితే 1 శాతమే. ఇప్పుడు చూడండి, మిగతా వ్యాసాల్లో పాలస్తీనా మీద సానుభూతితో రాసినవి ఎన్ని ఉన్నా మీ నోట్‌బుక్‌లో అవన్నీ "అటు" గడిలో పడతాయి, లెక్క సమానమైపోతుంది, పేపర్ మంచిదైపోతుంది. కానీ ఇంటివాళ్లని గుమ్మం బయట నిలబెట్టి లోపల వాళ్ల పొలం పంపకం మాట్లాడుకున్నట్టు ఉంటుంది ఆ వ్యవహారం.

అలాగని ఎవరు రాశారన్నది ఒక్కటే చూసినా బోల్తా పడతాం. హారెట్జ్ అని ఇజ్రాయెల్ పేపర్ ఉంది, దాన్లో గిడియన్ లెవీ, అమీరా హాస్ ఏళ్ల తరబడి రాస్తున్నారు, ఇద్దరూ ఇజ్రాయెల్ వాళ్లే, పాలస్తీనా ప్రాంతాల ఆక్రమణ గురించి వాళ్లు రాసినంత ఘాటుగా బయటివాళ్లు చాలామంది రాయలేరు. ఆ పేపర్ మీద వాళ్ల ప్రభుత్వానికి ఎంత మంటంటే 2024 నవంబర్‌లో సర్కారు యాడ్స్ ఇవ్వొద్దని ఏకంగా కేబినెట్‌లోనే తేల్చేశారు. హమాస్‌ని ఉతికి ఆరేసే పాలస్తీనా రచయితలూ ఉన్నారు. వీళ్లందర్నీ మీ రెండు గడుల్లో ఎక్కడ కూర్చోబెడతారు?

నాకు ఇంకా ఇష్టమైన ఉదాహరణ రిచర్డ్ గోల్డ్‌స్టోన్‌ది. దక్షిణాఫ్రికా జడ్జి, యూదుడు. 2008 డిసెంబర్‌లో మొదలైన గాజా యుద్ధం మీద ఐక్యరాజ్యసమితి తరఫున 2009లో రిపోర్ట్ ఇచ్చాడు, ఇజ్రాయెల్ సైన్యమూ పాలస్తీనా సాయుధ గ్రూపులూ రెండూ యుద్ధ నేరాలు చేశాయని. ఇజ్రాయెల్‌లో ఆయన్ని తిట్టని నోరు లేదు. 2011 ఏప్రిల్‌కి ఆయనే వాషింగ్టన్ పోస్ట్‌లో వ్యాసం రాసి, ఇప్పుడు తెలిసిన సంగతులు అప్పుడే తెలిసుంటే ఆ రిపోర్ట్ వేరేలా ఉండేది అన్నాడు. ఈసారి తిట్టే వంతు అవతలి వాళ్లది. సరే, అసలు కథ ఆ తర్వాత ఉంది. అదే కమిటీలో ఆయనతో కూర్చున్న మిగతా ముగ్గురూ కలిసి, మేం రిపోర్ట్‌కే కట్టుబడి ఉన్నాం అని రాశారు, కానీ అది వచ్చింది లండన్ పేపర్ గార్డియన్‌లో. అంటే మాట ఒక దేశంలో, దానికి జవాబు సముద్రం అవతల ఇంకో దేశంలో. పోస్ట్ ఒక్కటే చదివే మనిషికి ముగ్గురి మాట చేరదు, గార్డియన్ ఒక్కటే చదివితే వీళ్లు దేనికి జవాబు ఇస్తున్నారో సగమే అర్థమవుతుంది. నన్నడిగితే గడుల్లో టిక్కులు పెట్టడం కన్నా ముందు ఇది చూడాలి, ఒక మాట వేసిన పేపర్ దాని జవాబుని అదే పేజీలో వేసిందా, లేదా అని.

నేను ఎడిట్ పేజీ చూసే రోజుల్లో ఏం చేసేవాళ్లమో కూడా చెప్తా, దాచుకోవడం దేనికి. అటు ఒకటి ఇటు ఒకటి పక్కపక్కన వేసేసి, కింద "అభిప్రాయాలు రచయితల వ్యక్తిగతం" అని ఒక లైన్ తగిలించి చేతులు దులుపుకునేవాళ్లం. ఒకసారి ఒకాయన ఫోన్ చేసి, ఏమండీ, ఆ రెండో వ్యాసంలో తప్పుంది, అది అభిప్రాయం కాదు తప్పు, అన్నాడు. నిజమే. తేదీ తప్పు, ఒప్పందం పేరు తప్పు. పక్కన ఇంకో వ్యాసం ఉందిగా అనుకుని మేం ఎవరం సరిగ్గా చదవలేదు.

ప్రశ్న: హత్య కేసుల్లో శిక్ష పడి జైల్లో ఉన్నవాళ్ల చేత కూడా పేపర్లు వ్యాసాలు రాయించడం ఏంటండీ? అదేం బ్యాలెన్స్?
– ఒక రిటైర్డ్ టీచర్

జవాబు: మీరంటున్నది మర్వాన్ బర్ఘూతి గురించి అనుకుంటా మాస్టారూ. 2017 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్ జైలు నుంచి, మేం నిరాహార దీక్ష ఎందుకు చేస్తున్నామో చూడండి అంటూ ఆయన రాసింది న్యూయార్క్ టైమ్స్ వేసింది. వేయడం తప్పని నేను అనను, పాలస్తీనా రాజకీయాల్లో ఆయనకి ఉన్న పలుకుబడి చిన్నది కాదు, ఆయనేం అనుకుంటున్నాడో పాఠకులకి తెలియాల్సిందే. తప్పల్లా వ్యాసం కింద ఉండే పరిచయంలో ఉంది. పాలస్తీనా నాయకుడు, పార్లమెంట్ సభ్యుడు అని రాసి ఊరుకున్నారు. జైలు శిక్ష పడిందని వ్యాసంలో ఉంది గానీ దేనికి పడిందో లేదు. గోల లేచాక ఎడిటర్లు కింద నోట్ పెట్టారు, ఐదు హత్యలు, ఉగ్రవాద సంస్థలో సభ్యత్వం, ఇవీ ఆయన మీద రుజువైన నేరాలని. ఆ కోర్టుకి నన్ను విచారించే అధికారమే లేదంటూ ఆయన తన తరఫున వాదించుకోలేదన్న సంగతి కూడా ఆ నోట్‌లోనే పెట్టారు. చూశారా, ఆ రెండు మూడు లైన్లు మొదటి రోజే ఉంటే మీలాంటివాళ్లకీ జవాబు దొరికేది, ఆయన్ని అభిమానించే వాళ్లకీ దొరికేది.

అప్పట్లో ఆ పేపర్‌లో పబ్లిక్ ఎడిటర్ అని ఒక పోస్ట్ ఉండేది, జీతం పేపర్ ఇస్తుంది, పని మాత్రం పాఠకుల తరఫున పేపర్‌నే నిలదీయడం. ఆ పోస్ట్‌లో ఉన్న లిజ్ స్పేడ్ ఈ సంగతి మీద ఎడిటర్లని తప్పుబట్టారు. నెలన్నర తిరక్కుండా ఆ పోస్టే ఎత్తేస్తున్నాం అన్నారు. దీనికీ దానికీ లింక్ ఉందని నేను అనట్లేదు, కానీ ఇప్పుడు అలాంటి పరిచయం ఒకటి వస్తే ఆఫీసు లోపలి నుంచి అడిగే మనిషి లేడు.

ప్రశ్న: మా నాన్నగారూ నేనూ ఒకే వ్యాసం చదివాం. ఆయన ఇది పచ్చి ఇజ్రాయెల్ భజన అన్నారు. నాకేమో పూర్తిగా పాలస్తీనా వకాల్తాలా అనిపించింది. ఇద్దరిలో ఎవరికి కళ్లజోడు మార్చాలి?
– ఒక గృహిణి

జవాబు: ఇద్దరికీ అక్కర్లేదమ్మా. 1982లో లెబనాన్ రాజధాని బీరూట్‌లో, ఇజ్రాయెల్ సైన్యం చుట్టూ ఉండగా సబ్రా, షటీలా అనే చోట్ల పాలస్తీనా శరణార్థుల శిబిరాల్లో స్థానిక మిలీషియా చేసిన ఊచకోత మీద వచ్చిన టీవీ వార్తల్నే స్టాన్‌ఫర్డ్‌లో స్టూడెంట్లకి చూపించారు, 1985లో ఆ స్టడీ అచ్చయింది. ఇజ్రాయెల్‌ని ఇష్టపడేవాళ్లు ఇవి మాకు వ్యతిరేకం అన్నారు, అరబ్బుల్ని ఇష్టపడేవాళ్లు కూడా మాకే వ్యతిరేకం అన్నారు, చూసింది మాత్రం అవే క్లిప్పులు. ఇది పట్టుకుని కొందరు ఎడిటర్లు, రెండు వైపులా తిడుతున్నారంటే మేం సరిగ్గా రాస్తున్నట్టే అని కాలర్ ఎగరేస్తారు, అది ఉత్త సాకు. వంటలో ఉప్పెక్కువైందని ఒకరు, పులుపెక్కువైందని ఇంకొకరు అంటే వంట బాగున్నట్టు కాదు కదా, రెండూ ఎక్కువై ఉండొచ్చు. ఈసారి నాన్నగారూ మీరూ ఆ వ్యాసంలో ఏ లైన్ దగ్గర చిరాకొచ్చిందో పెన్సిల్‌తో గీతలు పెట్టి చూసుకోండి, ఇద్దరి గీతలూ ఒకే లైన్ కింద ఉంటే నాకు పంపండి, ఆ లైన్ ఏంటో నాకూ చూడాలనుంది.