అమెరికాలో పెట్రోల్ ధర ఎండాకాలం పెరిగి చలికాలం తగ్గుతుందట, మరి హైదరాబాద్‌లో అలా ఎందుకు ఉండదు?

అక్కడ రెండు కాలాలకూ అమ్మేది ఒకే పెట్రోల్ కాదు. చలికాలంలో అందులో బ్యూటేన్ ఎక్కువ కలుపుతారు. మన వంటింటి గ్యాసు బండలో ఉండేదే, చవక. చలికి ఇంజన్ తొందరగా స్టార్ట్ కావడానికీ పనికొస్తుంది. ఎండల్లో అదే బ్యూటేన్ ఆవిరై గాలిని పాడుచేస్తుంది కాబట్టి జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు బంకుల్లో తక్కువ ఆవిరయ్యే రకమే అమ్మాలని నిబంధన. దాని తయారీకి ఖర్చెక్కువ. పైగా రకం మార్చే వసంతంలోనే రిఫైనరీలు మరమ్మతులకు కొంతకాలం ఆగుతాయి, ఆ వెంటనే సెలవుల ప్రయాణాలు మొదలవుతాయి. సరుకు తగ్గి గిరాకీ పెరిగితే ఇంకేముంది!

మన దగ్గర 2017 జూన్ 16 నుంచి ధరను రోజూ సవరించే పద్ధతి ఉంది. కాగితం మీద. 2022 మే నుంచి 2024 మార్చి దాకా హైదరాబాద్‌లో లీటరు 109.66 దగ్గరే కూర్చుంది; ఎండలూ వానలూ వచ్చి పోయాయి, అది మాత్రం కదల్లేదు. క్రూడ్ ధర ఊగినా ఆయిల్ కంపెనీలే ఆ లాభనష్టాలు సర్దుకున్నాయి. దానికితోడు కేంద్రం ఎక్సైజు, ఆపైన రాష్ట్రం 35.2 శాతం వ్యాట్. ఇక్కడ పెట్రోల్‌కు రుతువులు లేవు, ప్రభుత్వ నిర్ణయాలే.