ఆ డబ్బు కట్టకు నాన్నా, రెజ్యూమే తీసుకుని ఇంటికి రా

గాజువాక,
విశాఖపట్నం.

నాన్నా,

ఆశీస్సులు. నిన్న రాత్రి నీ ఫోన్ వచ్చాక నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇంట్లో కూర్చుని టైపింగ్ చేస్తే నెలకి 28 వేలు ఇస్తారని, రిజిస్ట్రేషన్‌కి 1,850 కట్టాలని, రెండు రోజుల్లో కట్టకపోతే ఆ సీటు ఇంకొకరికి వెళ్ళిపోతుందని చెప్పావు. కట్టొద్దని ఒక్క మాట అని ఫోన్ పెట్టేశాను. ఎందుకు వద్దన్నానో ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. అందుకే కాగితం మీద రాసి, ఫొటోలు తీసి నీ వాట్సాప్‌కి పంపిస్తున్నాను. మద్దిలపాలెం రూములో నీతో ఉండే మిగతా ఇద్దరు పిల్లలకి కూడా చూపించు.

ఆటోనగర్‌లో ఒక కంపెనీలో 26 ఏళ్ళు పర్సనెల్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాను. దరఖాస్తులు విప్పడం, ఎవరిని పిలవాలో చూడడం, వచ్చినవాళ్ళ సర్టిఫికెట్లు సరిచూడడం నా పని. మాకు మనిషి కావాలంటే ఖర్చంతా కంపెనీదే. పేపర్లో ప్రకటనకి మేమే కట్టేవాళ్ళం. కన్సల్టెన్సీ ద్వారా ఎవరినైనా తీసుకుంటే ఆ కన్సల్టెన్సీకి డబ్బిచ్చేదీ మేమే. చేరబోయే మనిషి దగ్గర రిజిస్ట్రేషన్ అనో, ట్రైనింగ్ అనో, లాప్‌టాప్ డిపాజిట్ అనో రూపాయి తీసుకున్నది నేను చూడలేదు. పని చేయించుకునేవాళ్ళు జీతం ఇస్తారు గానీ ఎదురు అడగరు. ప్రభుత్వ పరీక్షల ఫీజు వేరే సంగతి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్ళ పరీక్షకి 100 రూపాయలు కడతావు, అదీ వాళ్ళ సొంత వెబ్‌సైట్‌లోనే, అది కూడా పరీక్ష రాయడానికి. ఆడపిల్లలకి, ఎస్సీ, ఎస్టీ వాళ్ళకి ఆ ఫీజూ లేదు. అది చూపించి "గవర్నమెంటు కూడా తీసుకుంటుంది కదా" అని ఎవరైనా అంటే నమ్మకు.

మన ఇంట్లోనే జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. 2011లో మీ చిన్న మావయ్యకి ఓడలో కేటరింగ్ పని ఇప్పిస్తానని ఒక ఏజెంటు 60 వేలు తీసుకున్నాడు. అమ్మమ్మ గాజులు తాకట్టు పెట్టి ఇచ్చాం. మూడు నెలలు ఇవాళా రేపూ అన్నాడు, నాలుగో నెలలో ఆఫీసుకి తాళం. గాజులు మళ్ళీ ఇంటికి రాలేదు. ఓడ ఉద్యోగాలకి మనుషుల్ని పంపే ఏజెంట్లకి డీజీ షిప్పింగ్ (ఓడల రవాణాని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) లైసెన్సు ఉండాలని, ఆ జాబితా ఎవరైనా చూసుకోవచ్చని మాకు తర్వాత తెలిసింది. ఓడ ఉద్యోగంలో నియామకం కోసం అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోవడం ఇప్పటి నిబంధనల ప్రకారం తప్పు. పోర్టు ఊళ్ళో పుట్టి పెరిగి మాకే తెలియలేదు.

నీకు వచ్చిన టైపింగ్ పని ఎలా సాగుతుందో కూడా విను. ముందు 1,850 తీసుకుంటారు. ఫైళ్ళు పంపుతారు, వారం రోజులు కళ్ళు పోయేలా టైపు చేస్తావు. అప్పుడు తప్పులు ఎక్కువున్నాయి, అగ్రిమెంటు ఉల్లంఘించావు అంటారు. లాయరు నోటీసని ఒక కాగితం వాట్సాప్‌లో పంపి, ఇన్ని వేలు కట్టకపోతే కేసు పెడతామని బెదిరిస్తారు. పిల్లలు టెన్షన్‌తో ఇంట్లో చెప్పుకోలేక కట్టేస్తారు. అది కోర్టు కాగితం కాదు. నీ స్నేహితుల్లో ఎవరికైనా ఇప్పటికే వచ్చి ఉంటే నా దగ్గరికి తీసుకురా, భయపడొద్దని చెప్పు.

టెలిగ్రామ్‌లో వీడియోలకి లైకులు కొట్టమనే పని ఇంకా ప్రమాదం. మొదటి రోజు నిజంగానే 150 రూపాయలు నీ అకౌంట్లో పడతాయి. ఆ 150 చూసే మనిషి నమ్ముతాడు. తర్వాత వెయ్యి వేస్తే 1,300 అంటారు, అదీ ఇస్తారు. పెద్ద మొత్తం వేసిన రోజు నుంచి తిరిగి రాదు. ఇంకొందరు నీ బ్యాంకు అకౌంట్ వాడుకుంటామని, వచ్చిన డబ్బు ముందుకి పంపితే కమిషన్ ఇస్తామని అంటారు. అది ఎక్కడో మోసపోయినవాళ్ళ సొమ్ము. పోలీసులు ముందు వచ్చేది అకౌంట్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళ ఇంటికే. పేరున్న జాబ్ సైటు నుంచి మాట్లాడుతున్నామని ఫోన్ చేసి, పది రూపాయలే కదా, ఈ లింకులో కట్టండి అనేవాళ్ళకి కావాల్సింది పది రూపాయలు కాదు, నీ కార్డు నంబరు.

విదేశాల మాట ఎవరైనా ఎత్తితే 2024 మే నెల గుర్తు తెచ్చుకో. సింగపూర్‌లో డేటా ఎంట్రీ అని చెప్పి మన విశాఖ పిల్లల్ని కంబోడియా పట్టుకెళ్ళారు. పాస్‌పోర్టులు లాక్కుని, మనవాళ్ళకే ఫోన్లు చేయించి మోసాలు చేయించారు. మన సిటీ పోలీసులు ఆ ముఠాని బయటపెట్టి కొందరిని వెనక్కి తీసుకొచ్చారు. పేపర్లో ఆ పిల్లల గురించి చదువుతుంటే ప్రతి ఒక్కరూ నీ వయసువాళ్ళే అనిపించింది. విదేశానికి పంపే ఏజెంటుకి కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. వాళ్ళు తీసుకోదగ్గ సర్వీసు ఛార్జీకి 30 వేలు, దాని మీద జీఎస్టీ అని పరిమితి ఉంది. ఇప్పుడు టూరిస్ట్ వీసా మీద వెళ్ళు, అక్కడికెళ్ళాక మార్పిస్తాం అన్నాడంటే అక్కడితో ఆపెయ్.

మరి నిజమైన కంపెనీని ఎలా గుర్తుపట్టాలి అని అడిగావు. ప్రశ్నలు వెయ్యి. జీతం ఎంత, పని ఏమిటి, ఆఫీసు ఎక్కడ, నా పైన ఎవరుంటారు, ఇంటర్వ్యూ ఎవరు చేస్తారు. నిజమైనవాళ్ళు వీటికి విసుక్కోరు. లిమిటెడ్ కంపెనీ అయితే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైటులో పేరు కొడితే ఎప్పుడు పుట్టింది, ఇంకా నడుస్తోందా, రిజిస్టరు నుంచి పేరు తీసేశారా, చిరునామా ఏమిటి అన్నీ వస్తాయి. చిన్న భాగస్వామ్య సంస్థలు అందులో ఉండవు. వాళ్ళని జీఎస్టీ నంబరు అడుగు, జీఎస్టీ పోర్టల్‌లో ఆ 15 అక్షరాలు కొడితే అసలు పేరు తెలుస్తుంది, లాగిన్ కూడా అక్కర్లేదు. కానీ దొంగలు పెద్ద కంపెనీ పేరే వాడుకుంటారు, కంపెనీ నిజం, మనిషి అబద్ధం. అందుకే మెయిలు ఎక్కడి నుంచి వచ్చిందో అక్షరం అక్షరం చూడు. పెద్ద కంపెనీ ఆఫర్ లెటర్ జీమెయిల్ నుంచి రాదు. లెటర్లో ఉన్న నంబరుకి ఫోన్ చెయ్యకు, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి చేసి అడుగు. విశాఖలో ఆఫీసు అంటే ఇంకా సులువు. నీ లెటర్లో సిరిపురం చిరునామా ఉందన్నావు. మద్దిలపాలెం నుంచి సిరిపురం ఎంత దూరం? వెళ్ళి గుమ్మం మీద బోర్డు చూసి రా.

ఉద్యోగాలు వెతకాల్సిన చోట్లు చాలానే ఉన్నాయి. కేంద్ర కార్మిక శాఖ 2015లో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఉంది, ఉచితం. కంచరపాలెంలో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ ఉంది, అక్కడా పేరు నమోదు చేయించు. నౌక్రీ, లింక్డ్‌ఇన్, ఇండీడ్‌లలో ప్రొఫైల్ పెట్టు. వాటిలో ఉద్యోగానికి అప్లై చెయ్యడానికి డబ్బు అక్కర్లేదు. వాటిలోనూ దొంగ ప్రకటనలు వస్తాయి కాబట్టి నచ్చిన ఉద్యోగం కనిపిస్తే ఆ కంపెనీ సొంత సైటులో కెరీర్స్ పేజీకి వెళ్ళి అదే ఉద్యోగం అక్కడ ఉందేమో చూసి, అక్కడే అప్లై చెయ్యి.

నువ్వు వెతికే మాట కూడా మార్చాలి నాన్నా. "వర్క్ ఫ్రమ్ హోమ్ టైపింగ్" అని కొడితే దొంగలే ముందు వస్తారు. నువ్వు బీకాం చదివావు, పోర్టు ఉన్న ఊళ్ళో ఉన్నావు. ఇక్కడ కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులు, సరుకు రవాణా ఆఫీసులు, కంటైనర్ యార్డులు ఉన్నాయి. షిప్పింగ్ బిల్లులు, ఇన్‌వాయిస్‌లు తయారుచేసేవాళ్ళు వాళ్ళకి కావాలి. ఎగ్జిమ్ డాక్యుమెంటేషన్ (ఎగుమతి, దిగుమతి కాగితాల పని) అని, లాజిస్టిక్స్ అని, అకౌంట్స్ అసిస్టెంట్ అని విశాఖపట్నం పేరు కలిపి వెతుకు. పరవాడ ఫార్మా సిటీలో, అచ్యుతాపురంలో, దువ్వాడ సెజ్‌లో స్టోర్స్, అకౌంట్స్ పనులుంటాయి. ఆరిలోవ హెల్త్ సిటీ ఆసుపత్రుల్లో బిల్లింగ్‌కి మనుషులు కావాలి. మొదటి జీతం 28 వేలు ఉండకపోవచ్చు. కానీ పని వస్తుంది.

ఇక నీ రెజ్యూమే. కోపం తెచ్చుకోకు, నువ్వు పంపిన కాగితంలో నువ్వు కనిపించలేదు. మూడు రంగులు, మూల ఫొటో, రెండు నిలువు గళ్ళు, ఎక్సెల్ ఎంత వచ్చో చూపించడానికి పక్కన నాలుగు చుక్కలు. పైన "రెప్యూటెడ్ ఆర్గనైజేషన్‌లో ఛాలెంజింగ్ పొజిషన్" అని మొదటి వాక్యం. ఆ వాక్యాన్ని నేను 26 ఏళ్ళు చదివాను. చదివిన ప్రతిసారీ కళ్ళు కిందకి జారిపోయేవి. కింద హార్డ్ వర్కర్, టీమ్ ప్లేయర్. ఎవరు కాదంటారు? ఎవరు నమ్ముతారు? ప్రకటనని ప్రశ్నించమన్నట్టే రెజ్యూమేలో ప్రతి వాక్యాన్నీ ప్రశ్నించుకో. ఎక్కడ, ఎంత, ఎన్నాళ్ళు అని అడిగితే జవాబు ఉన్న వాక్యమే ఉంచు.

కొత్తవలసలో బాబాయి ఎరువుల కొట్లో రెండు ఖరీఫ్ సీజన్లు కూర్చున్నావు. ఆ మాట రెజ్యూమేలో ఎక్కడా లేదు! అడిగితే "అది ఇంటి పని కదా పెద్దమ్మా" అన్నావు. ఇంటి పని కాదు, అదే నీ అనుభవం. రోజుకి 60, 70 బిల్లులు ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించేవాడివి. సాయంత్రం కౌంటర్ నగదు బిల్లులతో సరిచూసేవాడివి. బస్తాల స్టాకు రిజిస్టరు రాసేవాడివి. అరువు పద్దుల్లో తేడా వస్తే నువ్వే పట్టుకున్నావని బాబాయి నాతో చెప్పి ఎంత మురిసిపోయాడో! ఇవన్నీ ఒక్కోటి ఒక్కో వాక్యంగా, అంకెలతో రాయి. ఇంగ్లిష్ పెద్ద పదాలు వెతకొద్దు, చేసిన పనితో వాక్యం మొదలుపెట్టు. ఒకసారి మా ఆఫీసులో ఒక కుర్రాడి దరఖాస్తు పక్కన పెట్టేశాను, అందులో ఏమీ లేదని. ఏడాది తర్వాత వేరేచోట కలిశాడు. తండ్రి లారీల లెక్కలన్నీ పదో తరగతి నుంచి అతనే చూసేవాడట. మాకు సరిగ్గా అలాంటి మనిషే కావాలి అప్పుడు. రాయలేదు, నేను అడగలేదు. ఆ తప్పు నాదీనూ, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇప్పుడు చాలా కంపెనీల్లో రెజ్యూమేని ముందు కంప్యూటర్ చదువుతుంది. గళ్ళు, బొమ్మలు, చుక్కలు దానికి సరిగ్గా అందవు. తెల్ల కాగితం, ఒకే వరస, మామూలు అక్షరాలు, ఒక్క పేజీ. వర్డ్‌లో చేసి పీడీఎఫ్‌గా దాచు, స్కాన్ చేసిన ఫొటో పంపకు. ప్రకటనలో "ట్యాలీ ప్రైమ్" అని ఉంటే, నీకు వచ్చు కాబట్టి, నువ్వూ ఆ మాటే రాయి. రాని పని రాయకు. జీఎస్టీ రిటర్నులు వచ్చని రాశావు, నిజంగా వేశావా? బిల్లులు ఎక్కించడం వేరు, రిటర్ను వెయ్యడం వేరు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతావు, దాంతో మిగతా నిజాలు కూడా నమ్మరు. బీకాం తర్వాత ఖాళీగా ఉన్న ఎనిమిది నెలలు దాచకు. మీ నాన్నకి ఆపరేషన్ అయితే దగ్గరుండి చూసుకున్నావు, అడిగితే అదే చెప్పు.

నాన్న పేరు, పుట్టిన తేదీ, కులం, పెళ్ళి, ఆధార్ నంబరు, పాన్ నంబరు, ఇవేవీ రెజ్యూమేలో ఉండకూడదు. ప్రభుత్వ దరఖాస్తులో అడిగితే అక్కడ ఇస్తావు. ఫోన్ నంబరు, మెయిల్, ఊరు చాలు. మెయిల్ ఐడీ నీ పేరుతో కొత్తది తెరువు, ఆ హీరో పేరున్నది స్నేహితులకి ఉంచుకో. కింద "పై వివరాలన్నీ నిజం" అనే ఆ డిక్లరేషన్ కూడా తీసెయ్.

మెయిలు పంపేటప్పుడు ఖాళీగా రెజ్యూమే ఒక్కటే తగిలించకు. ఏ ఉద్యోగానికో, ఎరువుల కొట్లో చేసిన పని ఈ ఉద్యోగానికి ఎలా పనికొస్తుందో, ఎప్పటి నుంచి చేరగలవో నాలుగు వాక్యాలు రాయి. ఎక్కడెక్కడ ఏ తేదీన అప్లై చేశావో ఒక నోట్‌బుక్కులో రాసుకో. ఫోన్ వచ్చినప్పుడు "ఏ కంపెనీ అండీ?" అని అడగాల్సిన పరిస్థితి రాకూడదు.

ఒకవేళ నా మాట వినకముందే ఎవరికైనా డబ్బు పంపి ఉంటే దాచొద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఎంత తొందరగా చెబితే బ్యాంకులో ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఉంటుంది. తర్వాత నాకు చెప్పు. నేను తిట్టను, మీ అమ్మని తిట్టనివ్వను.

ఆదివారం పొద్దున్నే వచ్చేయ్. బాబాయికి ముందే ఫోన్ చేసి, ఎవరైనా అడిగితే నీ పని గురించి చెబుతాడేమో కనుక్కుని, ఒప్పుకుంటే ఆయన నంబరు రాసుకో. కొట్లో పనిచేసిన నెలలు, బిల్లుల లెక్క కూడా అడుగు. కొత్త రెజ్యూమే రెండు కాపీలు ప్రింట్ తీయించు, ఒకటి నేను పెన్సిల్‌తో గీతలు పెట్టడానికి. మధ్యాహ్నం భోజనం ఇక్కడే, నీకిష్టమైన పనసపొట్టు కూర చేస్తాను.

నీ
పెద్దమ్మ