సీటు సరిచేసుకోవడం, సామాను సర్దుకోవడం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా ఎత్తు ఐదడుగుల లోపే. రోడ్డు బాగా కనిపించాలని సీటును పూర్తిగా ముందుకు జరుపుకొని, దాదాపు స్టీరింగ్‌ను ఆనుకొని కారు నడుపుతాను. ఇది ప్రమాదకరమని ఇంట్లోవాళ్లు అంటున్నారు. వెనక్కి జరిగితే క్లచ్ అందడం లేదు. నేనేం చేయాలి?

జవాబు: మీ ఇంట్లోవారి ఆందోళనలో న్యాయం ఉంది. స్టీరింగ్ మధ్యలో మడిచి ఉంచిన ఎయిర్‌బ్యాగ్, కారు బలంగా ఢీకొన్నప్పుడు కనురెప్పపాటు కన్నా తక్కువ సమయంలో ఉబ్బుతుంది. బయటికి వచ్చే తొలి క్షణంలో, అంటే మొదటి రెండు మూడు అంగుళాల దూరంలో, దాని తాకిడి అత్యంత తీవ్రంగా ఉంటుంది. ఆ పరిధిలో ఛాతీ గాని ముఖం గాని ఉంటే, కాపాడవలసిన ఎయిర్‌బ్యాగే గాయపరుస్తుంది. అందుకే స్టీరింగ్ మధ్యభాగానికీ మీ రొమ్ము ఎముకకూ నడుమ కనీసం 25 సెంటీమీటర్ల ఎడం ఉండాలని రహదారి భద్రతా నిపుణులు చెబుతారు. ఒకసారి టేపు పెట్టి కొలిపించుకోండి, ఎందుకంటే కంటి అంచనా ఈ విషయంలో తరచుగా తప్పుతుంది.

ఈ ఎడం సాధించాలంటే సర్దుబాటును సరైన వరుసలో చేయాలి. చాలామంది ముందుగా సీటును ముందుకూ వెనక్కూ జరుపుతారు, కాని మీలాంటివారు మొదట సీటు ఎత్తు పెంచుకోవాలి. ఎత్తు పెరిగితే రోడ్డు చూడడం కోసం ముందుకు వంగవలసిన అవసరం పోతుంది. ఆ తరువాత, క్లచ్‌ను అడుగుదాకా తొక్కినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగి ఉండే చోటికి, తుంటి సీటు మీద నుంచి జారకుండా ఉండే చోటికి సీటును జరుపుకోండి. అప్పటికీ ఛాతీ దగ్గరగానే ఉంటే సీటు వెనుక భాగాన్ని కొద్దిగా, కొద్దిగా మాత్రమే, వాల్చండి. భుజాలు సీటుకు ఆనించి ఉంచి చేతులు చాచినప్పుడు మణికట్లు స్టీరింగ్ పైఅంచును తాకితే ఆ వాలు సరిపోయినట్టే. స్టీరింగ్‌ను కిందికి దించే వీలుంటే, అది మీ ముఖం వైపు కాక ఛాతీ వైపు చూసేలా దించుకోండి. అద్దాలు సరిచేసుకోవడం వీటన్నిటి తరువాతి పని. సీటు కదిలిన ప్రతిసారీ అద్దంలోని దృశ్యమూ మారుతుంది కదా.

ఇంత చేసినా ఎడం చాలకపోతే, పెడళ్లకు అమర్చే పొడిగింపు పరికరాలు ఉన్నాయి. వాటిని నిపుణుల చేతనే బిగింపించుకోవాలి. వీపు వెనుక మెత్తటి దిండు పెట్టుకోవడం మాత్రం నాకు సమ్మతం కాదు. అది జారుతుంది, శరీరాన్ని పెడళ్ల వైపు నెడుతుంది, నడుము మీది బెల్టును ఉండవలసిన చోట ఉండనివ్వదు. డోరు పక్క స్తంభం మీద బెల్టు ఎత్తును మార్చే మీట ఉంటే దాన్ని దించుకోండి. పైపట్టీ మెడను ఒరుసుకోకుండా, భుజం మధ్యగా, ఛాతీ మీదుగా సాగాలి. మెడకు గుచ్చుకుంటోందని దాన్ని చంక కిందికి తోసేసేవారున్నారు, ఆ పని ఎన్నడూ చేయకూడదు.

ఈ సర్దుబాట్లన్నీ బండి నిలిచి ఉన్నప్పుడే చేయాలి. చివరగా ఒంటితో సీటును ముందుకూ వెనక్కూ ఊపి, లాక్ పడిందో లేదో రూఢి చేసుకోవాలి. లాక్ సరిగా పడని సీటు నడుస్తున్న బండిలో ఒక్కసారిగా వెనక్కి జారితే కాలికి బ్రేక్ అందకుండా పోతుంది.

ప్రశ్న: దూర ప్రయాణాల్లో మా నాన్నగారు ముందు సీటును బాగా వాల్చుకొని నిద్రపోతారు. బెల్టు పెట్టుకుంటారు కాబట్టి ఫరవాలేదంటారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. సీటును పడుకునేంతగా వాల్చినప్పుడు బెల్టు పైపట్టీ ఛాతీని వదిలి గాలిలో నిలుస్తుంది. అకస్మాత్తుగా కారు ఆగితే శరీరం బెల్టు కిందుగా ముందుకు జారిపోతుంది, అప్పుడు నడుము పట్టీ కటి ఎముకల మీద కాక మెత్తటి పొట్ట మీద బిగుసుకొని లోపలి అవయవాలకూ వెన్నుకూ హాని చేస్తుంది. డాష్‌బోర్డు మీద కాళ్లు చాపుకొనే అలవాటు కూడా ఉంటే ఎయిర్‌బ్యాగ్ ఆ కాళ్లను ముఖం మీదికి విసిరేస్తుంది. ఆయనకు విశ్రాంతి అవసరమైతే మధ్య మధ్యలో బండి ఆపుకోవడమే మార్గం. హెడ్‌రెస్ట్ పైఅంచు తల పైభాగంతో సమానంగా, తలకు వీలైనంత దగ్గరగా ఉందో లేదో కూడా చూడండి. వెనుక నుంచి వేరే బండి గుద్దినప్పుడు మెడను కాపాడేది అదే.

ప్రశ్న: ఇల్లు మారుతున్నాం. వెనుక సీట్లు మడిచి పుస్తకాల పెట్టెలు, వంట సామాను కారులోనే తరలించాలనుకుంటున్నాం. పెట్టెలు బరువుగా ఉన్నాయి కాబట్టి వాటంతట అవి కదలవనుకోవచ్చా?

జవాబు: అలా అనుకోవద్దని గట్టిగా చెబుతాను. బరువైన వస్తువు కదలదన్న నమ్మకం నిలిచి ఉన్న బండికి మాత్రమే వర్తిస్తుంది. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళుతుంటే పెట్టె కూడా అదే వేగంతో వెళుతూ ఉంటుంది. కారు ఢీకొని అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకుందాం. 20 కిలోల పెట్టెను కారుతోపాటే ఆపడానికి దాదాపు 400 కిలోల బరువుకు సమానమైన బలం కావాలి. కట్టని పెట్టెకు ఆ బలాన్ని అందించేది ముందు కూర్చున్నవారి సీటు, వారి వీపు. మధ్యలో ఖాళీ ఉంటే పెట్టె ఆ ఖాళీని దాటివచ్చి, అప్పటికే ఆగిన సీటును మరింత గట్టిగా గుద్దుతుంది. వేగం రెట్టింపైతే దానిలోని శక్తి నాలుగు రెట్లవుతుంది.

కాబట్టి వీలైతే సీట్లు మడవకండి. నిలబెట్టి, లాక్ చేసిన వెనుక సీటు మీ వీపుకూ సామానుకూ మధ్య గోడగా పనిచేస్తుంది. కొన్ని కార్లలో లాక్ పడకపోతే ఎర్రటి గుర్తు బయటికి కనిపిస్తుంది, దాన్ని చూసుకోండి. ఆ సీట్లలో ఎవరూ కూర్చోకపోతే వాటి బెల్టులను కూడా పెట్టేయండి, సీటు వెనుక భాగానికి అవి అదనపు ఆసరా అవుతాయి. బరువైన పెట్టెలను డిక్కీలో అట్టడుగున, సీటు వెనుక భాగానికి ఆనించి, కుడి ఎడమల బరువు సమంగా ఉండేలా పెట్టాలి. తేలికైనవి వాటి పైన, సీటు ఎత్తును మించకుండా ఉండాలి.

సీట్లు మడవక తప్పనప్పుడు, పెట్టెల మధ్య ఖాళీ లేకుండా ముందు సీట్ల దాకా పేర్చి, డిక్కీ నేల మీద ఉండే కొక్కేలకు బిగింపు పట్టీలతో కట్టండి. సాగే రబ్బరు తాళ్లు తేలికపాటి సామాను అటూ ఇటూ దొర్లకుండా ఆపగలవు గాని, బరువును ఆపలేవు. కత్తులు, కుక్కరు మూతలు వంటివి విడిగా వదలకుండా పెట్టెలో పెట్టి మూసేయండి. నీళ్ల సీసాలు డ్రైవరు కాళ్ల దగ్గర అసలే వద్దు, దొర్లి బ్రేక్ పెడల్ కిందికి చేరిన సీసా బ్రేకును పనిచేయనివ్వదు. పుస్తకాలు ఎక్కువుంటే రెండు విడతలుగా తరలించడమే నా సలహా.

ప్రశ్న: పొడవైన పైపులు పట్టక డిక్కీ తలుపు కొంచెం తెరిచి ఉంచి నడపవచ్చా?

జవాబు: వద్దు. వెనుక సుడి తిరిగే గాలితోపాటు పొగగొట్టం నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి రంగూ వాసనా లేవు కాబట్టి మత్తు కమ్మేదాకా తెలియదు. పైపులకు వేరే బండి మాట్లాడుకోండి.

ప్రశ్న: ఐదుగురం, నిండా సామాను, పైన క్యారియర్. రాత్రిపూట ఎదురుగా వచ్చేవారు మాకు లైట్లు కొట్టి హెచ్చరిస్తున్నారు. మేం హై బీమ్ వేయలేదు. కారణమేమిటి?

జవాబు: వెనుక బరువు పెరిగి కారు తోక దిగింది, ముందు భాగం లేచింది, దాంతో హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివారి కళ్లలో పడుతోంది. చాలా కార్లలో స్టీరింగ్ దగ్గర 0 నుంచి అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. బరువు పెరిగిన కొద్దీ దాన్ని పెద్ద అంకె వైపు తిప్పితే వెలుగు కిందికి దిగుతుంది.

అయితే అది లక్షణానికి మందు మాత్రమే. అసలు ప్రశ్న మీరు బరువు పరిమితి దాటారా అన్నది. ఆ పరిమితి మనుషులను కూడా కలుపుకొన్నదని చాలామంది గమనించరు. ఉదాహరణకు మోయగల బరువు 450 కిలోలైతే, 70 కిలోల చొప్పున ఐదుగురికే 350 కిలోలు పోతాయి. మిగిలిన 100 కిలోల్లోనే క్యారియర్, దాని మీది సామాను, డిక్కీలోవి అన్నీ ఇమడాలి. మీ కారు అంకెలు మాన్యువల్‌లో దొరుకుతాయి. కప్పు మోయగల బరువుకు అందులోనే విడిగా మరో పరిమితి ఉంటుంది, క్యారియర్ బరువును కూడా అందులో లెక్కించాలి. పైన తేలికైన, పెద్ద వస్తువులే పెట్టండి, ఎందుకంటే బరువు పైకి చేరిన కొద్దీ మలుపుల్లో బండి ఒరుగుతుంది, పక్కగాలికి ఊగుతుంది. బ్రేకు వేశాక ఆగే దూరం కూడా బరువుతో పెరుగుతుంది కాబట్టి ముందు బండికి మరింత దూరంగా నడపాలి.

పూర్తి బరువుకు తగినట్టు టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవరు డోరు దగ్గరి పట్టికలో రాసి ఉంటుంది, టైర్లు చల్లగా ఉన్నప్పుడు ఆ మేరకు నింపించండి. బయలుదేరిన కొన్ని కిలోమీటర్లకు ఒకసారి ఆగి పైన కట్టిన పట్టీలను తిరిగి బిగించండి, సామాను సర్దుకున్న కొద్దీ అవి వదులవుతాయి. గమ్యం చేరి అన్నీ దించాక, టైర్ల గాలినీ లైట్ల చక్రాన్నీ మామూలు స్థితికి తీసుకురండి.