సున్నా బిల్లు ఇంటికి పొదుపెందుకు?

ప్రశ్న: వారాసిగూడలో పై అంతస్తులో ఉంటున్నాం. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం వల్ల మాకు కరెంటు బిల్లు సున్నా. అయినా మూడు పాత ఫ్యాన్లూ తీసేసి తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టిద్దాం, రాష్ట్రానికి మేలు అంటాడు మా అబ్బాయి. బిల్లే లేనప్పుడు ఖర్చెందుకు? ఎలాగూ సౌర విద్యుత్తు పెరుగుతోంది కదా!
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ అబ్బాయి మాట వినండి. సున్నా పడేది మీ కాగితం మీదే. ఆ సొమ్ము డిస్కమ్‌కు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, ప్రభుత్వం కట్టాలి. పైగా మే నెలలో మీటరు 200 యూనిట్లు దాటిందా, మొత్తం యూనిట్లకూ మీరే కట్టాలి.

పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, కొత్తది 30 లోపే. మూడూ రోజుకు 15 గంటలు తిరిగితే రెండు యూనిట్లు మిగులుతాయి, అంటే నెలకు 60. థర్మల్ కేంద్రంలో యూనిట్టుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. మీ ఒక్క ఇంటి వల్లే రోజుకు దాదాపు కిలోన్నర మిగిలినట్టు.

ఆ కిలోన్నర నాకు ఉత్త అంకె కాదు. విద్యుత్తు ఇంజినీరుగా చాలా ఏళ్లు ఒక థర్మల్ కేంద్రం పక్క కాలనీలో ఉన్నాను. అమ్మ డాబా మీద వడియాలు పెట్టి పైన పలుచని పాత పంచె కప్పేది. సాయంత్రానికి ఆ తెల్ల పంచె మీద వేలితో రాస్తే అక్షరం పడేది. మన బొగ్గులో మూడో వంతుకు అటూ ఇటూగా బూడిదే మరి. ఆ గాలి పీల్చిన పిల్లల దగ్గు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

సౌర విద్యుత్తు రావాలి, ఇంకా రావాలి. అయితే అది మధ్యాహ్నం పుష్కలం, మన ఫ్యాన్లకూ ఏసీలకూ రాత్రి కావాలి. శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రంలోని 900 మెగావాట్ల యంత్రాలు ఇందుకు తగినవే: కరెంటు మిగిలినప్పుడు కింది నీటిని జలాశయంలోకి ఎత్తిపోసి, కొరత వేళ వదిలి మళ్లీ కరెంటు తీయవచ్చు. కాకపోతే ఆ ఎత్తిపోతలో ఐదో వంతో, నాలుగో వంతో పోతుంది. రాత్రి మీ పడకగదిలో మిగిలిన యూనిట్టుకు ఆ నష్టం లేదు, సౌర పలకలూ అక్కర్లేదు. అందుకే పొదుపు ముందు, పలకలు తర్వాత అంటాను.

పై అంతస్తు అన్నారు కనుక, ఎండలు ముదరకముందే డాబా కడిగి వేడిని తిప్పికొట్టే తెల్ల పూత వేయించండి. రాష్ట్రం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది ఇందుకే. ఒకేసారి మూడు ఫ్యాన్లు భారమైతే, రాత్రంతా తిరిగేది ముందు మార్చండి. గోడ మీది పాత రెగ్యులేటరు తీయించి నేరుగా కలపమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి, లేకపోతే కొత్త ఫ్యాను పాడయ్యే ప్రమాదం ఉంది.