ఆడియో సిస్టమ్ డీలర్ దగ్గర కొనాలా, ఆన్‌లైన్‌లోనా? డాలస్ తమ్ముడికి జవాబు

డాలస్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు, అపార్ట్‌మెంట్ హాల్లో మంచి ఆడియో సిస్టమ్ పెట్టుకోవాలని ఉంది, ఊళ్లో డీలర్ ధర ఎక్కువ చెబుతున్నాడు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చా అని అడిగావు. వయసులో చిన్నవాడివి కాబట్టి తమ్ముడూ అనే పిలుస్తున్నాను. డీలర్ దగ్గరే కొను. కానీ అంతకంటే ముఖ్యమైన సంగతి నీ ఉత్తరంలో లేదు. ఆ డబ్బు నీ బ్యాంకులో ఉందా, కార్డు మీద తెస్తున్నావా?

నేను దెబ్బతిన్నది అక్కడే. వచ్చిన కొత్తలో రివ్యూలు చదివి చదివి, నిలువెత్తు స్పీకర్ల జత ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేశాను. చేతిలో డబ్బు లేదు. అమ్మినవాళ్లే స్టోర్ కార్డు, అంటే ఆ షాపు పేరుతో వచ్చే క్రెడిట్ కార్డు ఇచ్చి, ఏడాదిపాటు వడ్డీ లేదన్నారు. గడువులోగా మొత్తం తీర్చకుండా కాస్త మిగిల్చినా, కొన్న రోజు నుంచి లెక్కగట్టిన వడ్డీ అంతా ఒకేసారి మీద పడుతుందని ఆ కాగితాల్లో ఉంది. నేను చదవలేదు. చివరి నెలల్లో ఇంటికి డబ్బు పంపాల్సి వచ్చింది, కొంత బాకీ మిగిలింది. ఇరవై శాతం దాటిన వడ్డీ ఏడాది మొత్తానికి వేశారు. ఆ బిల్లు చూశాక చాలా రోజులు సరిగ్గా నిద్రపట్టలేదు.

పోనీ స్పీకర్లన్నా సుఖపెట్టాయా అంటే అదీ లేదు. ఇక్కడి అపార్ట్‌మెంట్లు చాలావరకు చెక్క ఫ్రేమ్ మీద కట్టినవి, బాస్ మోగితే నేల కూడా మోగుతుంది. స్థలం లేక రెండింటినీ మూలల్లోకి నెట్టాను. మూలలో పెడితే బాస్ ఇంకా పెరుగుతుందని అప్పుడు తెలియదు. మృదంగం మోగితే గదంతా హోరు, పాట అందులో మునిగిపోయేది. కింది ఇంటివాళ్లు లీజింగ్ ఆఫీసులో ఫిర్యాదు చేశారు. తిప్పి పంపుదామంటే అట్టపెట్టెలు అప్పటికే పారేశాను. పైగా అంత బరువు సరుకుకు షిప్పింగ్ నాదే, సరుకు వెనక్కి తీసుకున్నందుకు కోసుకునే రీస్టాకింగ్ ఫీజు వేరే. చివరికి సగం ధరకు ఎవరికో ఇచ్చేశాను. సగం ధరకు అమ్మేసినదాని వడ్డీ మాత్రం పూర్తిగా కట్టాను.

ఆ తర్వాతే మా ఊళ్లో ఒక చిన్న షాపు మెట్లెక్కాను. అక్కడి పెద్దాయన ముందుగా బడ్జెట్ అడగలేదు. గది పొడవు వెడల్పులెంత, కింద కార్పెట్టా చెక్కా, గోడకు ఎంత దూరంలో కూర్చుంటావు, ఏం వింటావు అని అడిగాడు. ఘంటసాల పద్యాలు, పాత కర్ణాటక కచేరీలు అని చెప్పాను. చాలావరకు మోనో రికార్డింగులు కదా, రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వస్తుంది, అయితే పెద్ద స్పీకర్లు నీకు అక్కర్లేదు అన్నాడు. బుక్‌షెల్ఫ్ స్పీకర్లనే చిన్న స్పీకర్ల జత ఒకటి ఇచ్చి, వారాంతం ఇంట్లో విని రమ్మన్నాడు. గోడకు దూరంగా జరిపి, రెండు స్పీకర్లూ నువ్వూ సమాన దూరాల్లో త్రికోణంలా ఉండేట్టు పెట్టమన్నాడు. మోనో పాటలో గొంతు సరిగ్గా మధ్యలోంచి రావాలి, ఒక పక్కకు లాగుతుంటే స్పీకర్ల చోటో గదో సరిగా లేనట్టు. ఇదంతా పైసా ఖర్చు లేని విద్య. డీలర్ లాభం దీనికే ఇస్తున్నామని నాకు ఆ వారం అర్థమైంది.

ఆంప్లిఫయర్ విషయంలోనూ ఆయన నా డబ్బు మిగిల్చాడు. స్పీకర్ సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు అది ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే కొలత, మూడు డెసిబెల్స్ పెరిగితే అదే శబ్దానికి సగం పవర్ చాలు. 87 డెసిబెల్స్ ఉన్న స్పీకర్‌కు 100 వాట్లతో వచ్చేది, 90 ఉన్నదానికి 50 వాట్లతో వస్తుంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు వాట్లు చూసి మోజుపడతారు. నీ హాలుకు 50 చాలు.

ధర సంగతి. చాలా బ్రాండ్లు ప్రకటించే ధరకు కంపెనీయే కింది హద్దు పెడుతుంది, కాబట్టి అధీకృత డీలర్లందరి దగ్గరా, ఆన్‌లైన్ అయినా షాపైనా, ధర ఇంచుమించు ఒకటే ఉంటుంది. బాగా తక్కువకు కనిపిస్తే అమ్మేవాడు అధీకృత డీలరో కాదో చూడు, కాకపోతే వారంటీ చెల్లకపోవచ్చు. డీలర్ దగ్గర గీచి గీచి బేరం ఆడేకంటే షాపులో వినిపించడానికి పెట్టిన డెమో పీస్ ఉందా, పోయినేడాది మోడల్ ఉందా, రేపు పెద్దది కొంటే దీన్ని వెనక్కి తీసుకుంటారా అని అడుగు. నా కేఈఎఫ్ కంపెనీ స్పీకర్లు డెమో పీసులే, ఇన్నేళ్లయినా ఇబ్బంది పెట్టలేదు. అయితే గంటలకొద్దీ షాపులో విని, ఇంటికొచ్చి వేరేచోట ఆర్డర్ పెట్టే పని మాత్రం చేయకు. మనవాళ్లు చాలామంది చేస్తారు, నాకు చాలా బాధనిపిస్తుంది. అలాంటి షాపు మూతపడితే తర్వాత వచ్చేవాళ్లకు ఇంట్లో వినమని ఇచ్చేవాడే ఉండడు.

గది గురించి అడగకుండా ఖరీదైన కేబుళ్ల దగ్గర మొదలుపెట్టే డీలరైతే మర్యాదగా బయటికి వచ్చేయ్. మామూలు 12 గేజ్ రాగి వైరు నీకు సరిపోతుంది.

ఎప్పటికైనా ఇండియా వెళ్లిపోయే ఆలోచన ఉంటే ఎక్కువ డబ్బు స్పీకర్లకే పెట్టు. కరెంటు ప్లగ్ లేని మామూలు స్పీకర్లు ఎక్కడైనా పనిచేస్తాయి. ఇక్కడి ఆంప్లిఫయర్ 120 వోల్టులది, మన 230లో నేరుగా పెడితే కాలిపోతుంది. వెనకాల వోల్టేజ్ స్విచ్ ఉన్నవి కొన్ని ఉంటాయి, కొనేముందే అడుగు.

మళ్లీ డబ్బు దగ్గరికే వస్తాను. హెచ్‌1బీ వీసా మీద ఉద్యోగం పోతే, ఇంకోటి చూసుకోవడానికో దేశం వదలడానికో నీకు దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. రూల్స్ వివరంగా ఇక్కడి వలసల శాఖ యూఎస్‌సీఐఎస్ సైట్‌లో చూసుకో. ఆ రోజుల్లో అద్దె, కారు వాయిదా, విమానం టికెట్ అన్నీ నీ పొదుపులోంచే రావాలి. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టేదాకా ల్యాప్‌టాప్‌కు ఒక మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని విను. ఆ తర్వాత నెలనెలా సిస్టమ్ కోసం వేరే ఖాతాలో వేసుకో. అది నిండాక గది కొలతలు రాసుకుని, నువ్వు రోజూ వినే పాటలు పట్టుకుని డీలర్ దగ్గరికి వెళ్లు. కౌంటర్ దగ్గర స్టోర్ కార్డు కాగితం ముందు పెడితే సంతకం చేయకు, డెబిట్ కార్డు ఇవ్వు.