కొండ పరుగు సరే, ఆ నొప్పి మాత్రల సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 43. మాది గుంటూరు. ఆరేళ్లుగా ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉద్యోగం చేస్తున్నాను. వారానికి 40 కిలోమీటర్ల దాకా రోడ్డు మీద పరుగెత్తుతాను. ఆఫీసులో మిత్రులు ఫెల్ రన్నింగ్‌కి, అంటే ఇక్కడి కొండల మీద గడ్డిలో, బురదలో, రాళ్లలో పరుగుకి తీసుకెళ్తున్నారు. వచ్చే ఏప్రిల్‌లో యార్క్‌షైర్ త్రీ పీక్స్ రేసులో పాల్గొనాలని ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు చీలమండ బెణికింది, తొడలు పట్టేసి మూడు రోజులు మెట్లు దిగలేకపోయాను. అప్పటి నుంచి పరుగుకి ముందే, అమ్మ వచ్చినప్పుడు తెచ్చిన డైక్లోఫెనాక్ మాత్ర ఒకటి వేసుకుంటున్నాను. బాగానే ఉంది. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. ఎలాంటి బూట్లు కొనాలి? ఎన్ని వారాలు ప్రాక్టీసు చేయాలి?

జవాబు: బూట్ల సంగతి చివర్లో చెబుతాను. ముందు ఆ మాత్ర ఆపండి. బీపీ మాత్ర కాదు, నొప్పి మాత్ర.

కొండ ఎక్కేటప్పుడు రక్తం ఎక్కువగా కండరాలకు మళ్లుతుంది, చెమటలో నీరు పోతుంది. చలిదేశం కదా అని మీరు నీళ్లు కూడా సరిగా తాగరు. కిడ్నీకి అందే రక్తం తగ్గిపోతుంది. ఆ సమయంలో కిడ్నీ తన రక్తనాళాలను ఎలాగో తెరిచి ఉంచుకుంటుంది. డైక్లోఫెనాక్ అడ్డుకునేది సరిగ్గా ఆ ఏర్పాటునే. టెల్మిసార్టాన్ కిడ్నీ వడపోతలో ఒత్తిడిని తగ్గిస్తుంది, థయాజైడ్ ఒంట్లో నీటిని బయటికి పంపిస్తుంది. ఈ మూడూ ఒకే రోజు, అదీ గంటల తరబడి శ్రమపడే రోజు కలిస్తే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినే ప్రమాదం ఉంది. పైగా కొండ దిగుతుంటే తొడ కండరాలు చిట్లి, ఆ వ్యర్థం కూడా కిడ్నీ మీదే పడుతుంది. ఈ నొప్పి మాత్రలు బీపీని కూడా పెంచుతాయి.

మీరున్న చోట డైక్లోఫెనాక్ మాత్రలను 2015 నుంచి డాక్టర్ చీటీ లేకుండా అమ్మడం లేదు. గుండెపోటు, పక్షవాతం ముప్పు చూసే ఆ నిర్ణయం తీసుకున్నారు. అమ్మ సూట్‌కేసులో గోంగూర పచ్చడి పక్కన వచ్చినంత మాత్రాన మందు మందు కాకుండా పోదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలోనూ ఇదే వరస: విదేశాల్లో ఉన్న పిల్లలకు ఆరు నెలల మాత్రలు కట్టిస్తారు, ఏది దేనికో ఎవరికీ గుర్తుండదు. దయచేసి ఆ డబ్బా పక్కన పెట్టేయండి. సూపర్ మార్కెట్‌లో దొరికే ఐబుప్రోఫెన్‌కు మారతానంటారేమో, అదీ ఇదే జాతి.

మీ జీపీని, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టర్‌ని కలిసి ఈ రెండు మందుల సంగతీ దాచకుండా చెప్పండి. క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష), సోడియం, పొటాషియం, మూత్ర పరీక్ష అడగండి. బీపీ ఉంది, నలభై దాటాయి, మనవాళ్లలో గుండె జబ్బు తొందరగా వస్తుంది కాబట్టి ఈసీజీ అవసరమా అని కూడా అడగండి. బీపీ మాత్రను మాత్రం సొంతంగా ఆపొద్దు, మార్చొద్దు. పరుగు తర్వాత మూత్రం డికాక్షన్ రంగులో వచ్చినా, బాగా తగ్గిపోయినా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి. తెల్లారాక చూద్దాం అనుకోకండి. పరుగులో ఛాతీ బరువెక్కినా, కళ్లు తిరిగినా అంతే.

తొడల నొప్పి జబ్బు కాదు. దిగేటప్పుడు కండరం సాగుతూ బరువు మోస్తుంది, రోడ్డు మీద దానికి ఆ అలవాటు ఉండదు. వారానికోసారి చిన్న వాలు మెల్లగా దిగుతూ ఉంటే నాలుగైదుసార్లకే చాలా తగ్గుతుంది. మాత్ర అవసరం లేదు.

చీలమండ విషయంలో మాత్రం నాకు అనుమానం ఉంది. బెణికిన వెంటనే నాలుగు అడుగులు వేయలేకపోయారా? గిలక ఎముక మీద నొక్కితే ఇప్పటికీ నొప్పా? అయితే ఎక్స్‌రే కావాలి. లేకపోతే పళ్లు తోముకునేటప్పుడు ఆ ఒంటికాలి మీద నిలబడి చూడండి. అర నిమిషం ఊగకుండా నిలవలేకపోతే రాళ్ల మీదికి ఇంకా టైం ఉంది. నొప్పి మాత్ర వేసుకుని వెళ్తే అది మళ్లీ మడతపడినా మీకు తెలియదు.

పైన చలి సంగతి మీ మిత్రులు చెప్పే ఉంటారు. త్రీ పీక్స్‌లో ఒక కొండ ఇంగిల్‌బరో, దాని ఎత్తు 723 మీటర్లు. కింద 8 డిగ్రీలు ఉంటే పైన దాదాపు 4, దానికి గాలి, తడి తోడు. చెమటతో తడిసి ఆగిపోయిన మనిషి చాలా తొందరగా చల్లబడిపోతాడు. రెయిన్ జాకెట్, టోపీ, గ్లవ్స్, మ్యాప్, దిక్సూచి, విజిల్ తెమ్మని నిర్వాహకులు పట్టుబట్టేది అందుకే. ఒంటరిగా వెళ్లకండి. ఇంటికొచ్చాక కాళ్లకు పిడుదులు పట్టాయేమో చూసుకోండి. కొన్ని రోజులకో వారాలకో గుండ్రంగా ఎర్రటి మచ్చ పాకితే జీపీకి చూపించండి, అది లైమ్ వ్యాధి కావచ్చు.

ఇక బూట్లు. అడుగున రబ్బరు గుబ్బలుండి, ఎత్తు తక్కువగా, పాదాన్ని బిగించి పట్టేవి తీసుకోండి. రోడ్డు బూట్ల మెత్తటి మందపాటి అడుగు తడి గడ్డి మీద జారుతుంది, కాలిని మడతపెడుతుంది. త్రీ పీక్స్ అంటే సుమారు 37 కిలోమీటర్లు, మూడు కొండలు. ముందు 10 కిలోమీటర్ల లోపు, ఎక్కుడు తక్కువగా ఉండే 'సీ' తరగతి రేసు ఒకటి చేయండి. మిమ్మల్ని చూడకుండా రాస్తున్నాను కాబట్టి మీ జీపీ మాటే చివరిది. వారాల లెక్క క్రియాటినిన్ రిపోర్టు చేతికొచ్చిన రోజు నుంచి మొదలుపెట్టండి.